సగం వాక్యం దగ్గర ఆపు, అమ్మడూ

బెంగుళూరులో "టైం లేదు" అన్న మాట వినపడని ఇల్లు లేదు. మా పెద్ద మనవరాలు అమ్మడిదీ అదే పాట. ఇల్లు బసవనగుడిలో, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. పొద్దున్నే నేషనల్ కాలేజీ స్టేషన్‌లో ఆకుపచ్చ లైను మెట్రో ఎక్కాలి, మెజెస్టిక్‌లో దిగి ఊదా లైనుకు మారాలి. గంట పైచిలుకు ప్రయాణం. సాయంత్రం మళ్లీ అంతే. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు, అందుకని రాత్రి వంట ఈ పిల్లదే. కథలు రాయాలని దానికి ఎప్పటినుంచో ఆశ. రాసిన రెండు మూడు బాగానే ఉన్నాయి, తాతని కాబట్టి అనడం లేదు. వీణ నేర్చుకుంటానని ముచ్చటపడి కొనుక్కుంది. దానికి ముసుగు కుట్టించి కప్పింది మాత్రం నేను.

"ఇన్నిటి మధ్య కథ ఎప్పుడు రాయను తాతయ్యా? ఆదివారం తీరిగ్గా కూర్చుందామంటే ఆ పూటంతా బట్టలకీ బజారుకీ సరిపోతుంది" అంటుంది.

అయ్యో పాపం అనొచ్చు. కానీ పిల్లలు కష్టం చెప్పుకుంటే సైన్సు చెప్పే దురలవాటు నాకు. అది దానికీ తెలుసు. తెలిసే అడుగుతుందని నా అనుమానం.

ముందు మన ఊరి పెద్దాయన సంగతి చెబుతాను. మేఖ్రీ సర్కిల్ దగ్గర రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది చూడండి, ఆ సి.వి. రామన్. తమిళుల బిడ్డే అయినా చదువు మొదలైంది మన విశాఖపట్నంలో. వాళ్ల నాన్నగారు అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్. పిల్లాడు పదకొండేళ్లకే మెట్రిక్ పాసయ్యాడు. ఇవన్నీ బడి పుస్తకాల్లో ఉండే సంగతులే. వాటిలో పెద్దగా కనపడని సంగతి ఒకటుంది. ఆ మహానుభావుడు పదేళ్లపాటు జమాఖర్చుల ఆఫీసరు. 1907లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండకుండానే, కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. ఒకరోజు ట్రాములో వెళుతూ బౌబజార్ వీధిలో సైన్సు అసోసియేషన్ బోర్డు ఒకటి చూశాడు. లోపలికి వెళ్లి, ఖాళీ వేళల్లో ఇక్కడ ప్రయోగాలు చేసుకోవచ్చా అని అడిగాడు. రమ్మన్నారు.

అప్పటి ఆయన దినచర్య గురించి భార్య లోకసుందరి అమ్మాళ్ తర్వాతి రోజుల్లో చెప్పారు. పొద్దున అయిదున్నరకి అసోసియేషన్‌కి వెళ్లిపోయేవాడు. తొమ్మిదీ ముప్పావుకి ఇంటికొచ్చి, స్నానం చేసి, నాలుగు మెతుకులు గబగబా మింగి, ఆలస్యం కాకుండా టాక్సీలో ఆఫీసుకి. అయిదింటికి ఆఫీసు వదిలితే మళ్లీ నేరుగా అసోసియేషన్‌కే. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. ఆదివారమైతే రోజంతా అక్కడే. లెక్క వేయండి. రోజుకి ఎనిమిది గంటల పైమాటే ప్రయోగశాలలో, మరో పూర్తి రోజు ఆఫీసులో. అలా పదేళ్లలో పాతికకు పైగా పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పదవి ఇస్తామంటే, జీతం దాదాపు సగం తగ్గినా సర్కారు ఉద్యోగం వదిలేశాడు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్ బయటపడడం, నోబెల్ బహుమతి, మన ఐఐఎస్సీకి రావడం, అవన్నీ ఆ తర్వాతి కథ.

ఈ దినచర్య చెప్పి పిల్లల్ని దెప్పే పెద్దవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లెవరూ ఒక ప్రశ్న వేయరు. తొమ్మిదీ ముప్పావుకి ఆ నాలుగు మెతుకులు వండి సిద్ధంగా ఉంచిందెవరు? ఇంగ్లండులో ఆంథొనీ ట్రోలప్ అని పోస్టాఫీసు ఉద్యోగి ఉండేవాడు. తెల్లవారుజామున అయిదున్నరకి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసి 47 నవలలు లెక్క తేల్చాడు. ఆయన్ని కూడా వేళకి లేపి కాఫీ ఇవ్వడానికి పనివాడున్నాడు. అందుకోసం ఏటా అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. పాపం, దాచకుండా తన ఆత్మకథలో చెప్పుకున్నాడు కూడా. మా అమ్మడికి లేపేవాడూ లేడు, వండేవాడూ లేడు. కాబట్టి రామన్ గారి గడియారాన్ని దానికి ఆదర్శంగా పెట్టడం న్యాయం కాదు. పెడితే గిడితే అబ్బూరి ఛాయాదేవి గారిని పెట్టాలి. ఢిల్లీలో జె.ఎన్.యు. లైబ్రరీలో ఉద్యోగం, ఇల్లు, వాటి మధ్య కథలు. ఇవి చాలవన్నట్టు పనికిరాని గుడ్డముక్కలూ వస్తువులతో బొమ్మలు చేసే సరదా ఒకటి. 'తన మార్గం' కథల సంపుటికి 2005లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

అయితే రామన్ దగ్గర నేర్చుకోవాల్సింది మరొకటుంది. కొంతకాలానికి ఆయన అసోసియేషన్ పక్కింట్లోకే కాపురం మార్చాడు. ఇంట్లోంచి నేరుగా ప్రయోగశాలలోకి వెళ్లేలా తలుపు కూడా పెట్టించుకున్నాడు. నాకు ఆ ఎనిమిది గంటల కన్నా ఆ తలుపు మీదే గురి. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి వెళ్లే దారి ఎంత చిన్నదైతే అంత మేలన్నమాట. మనం గంటల కోసం ఏడుస్తున్నాం గానీ అసలు ఇబ్బంది ఆ దారి దగ్గరే ఉంది.

ఎలాగంటే, కథ రాయడానికి కూర్చున్న అమ్మడి తలలో ఇంకా ఆఫీసు మీటింగు నడుస్తూనే ఉంటుంది. 2009లో సోఫీ లెరాయ్ అనే అమెరికా పరిశోధకురాలు దీన్ని ప్రయోగశాలలో పట్టుకుంది. కొందరికి మాటల పజిళ్లు ఇచ్చి, వాటిలోంచి లేపి ఉద్యోగ దరఖాస్తులు చదివి మంచివి ఏరమంది. ముందు పని ఇంకా మనసులో మెదులుతున్నవాళ్లు రెండో పనిలో తడబడ్డారు. మనిషి ఇక్కడికి వచ్చినా ధ్యాసలో కొంత అక్కడే ఉండిపోతుంది. అట్ల పెనం లాంటిదనుకోండి. పెనం కాగే లోపు పోసిన మొదటి అట్టు ఎవరికీ సరిగ్గా రాదు. అరగంట తీరిక దొరికితే అందులో ఇరవై నిమిషాలు కాగడానికే పోతాయి. తీరా రెండు వాక్యాలు పడేసరికి కుక్కరు కూత వేస్తుంది. లేస్తాం. పెనం చల్లారిపోతుంది. రేపు మళ్లీ మొదటికే. ఇలా నాలుగు రోజులయ్యాక, నాలో అసలు రచయిత లేడేమో అనే దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులు శుద్ధ అబద్ధం.

పెనం అంటే గాంధీబజార్ గుర్తుకు రాకుండా ఉంటుందా? 1943లో పెట్టిన విద్యార్థి భవన్ అక్కడే ఉంది. పంచె కట్టుకున్న సర్వరు ఎడమ చేతి మీద డజనుకు పైగా దోశ పళ్లాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, మణికట్టు నుంచి భుజం దాకా కంచె కట్టినట్టు నడిచొస్తాడు. చేతిలో చీటీ ఉండదు. ఏ బల్ల మీద ఎవరు సాగు మసాలా అడిగారు, ఎవరికి కాఫీలో చక్కెర వద్దు, అంతా తలలోనే. పళ్లెం మన ముందు ఎంత నెమ్మదిగా జారుస్తాడో ఎప్పుడైనా గమనించండి. పైన పేర్చినవి ఇంత కూడా కదలవు. బిల్లు కట్టి బయటికొచ్చాక మాత్రం, నేనేం తిన్నాను నాయనా అని అడిగి చూడండి. నవ్వుతాడు. ఆ లెక్క అతని తలలోంచి ఎప్పుడో చెరిగిపోయింది.

సరిగ్గా ఇదే సంగతి సుమారు వందేళ్ల కిందట బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసరు దృష్టిలో పడిందంటారు. హోటల్లో డబ్బు కట్టని ఆర్డర్లు సర్వర్లకి గుర్తుంటాయి, కట్టేసినవి గుర్తుండవు. ఆయన శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ దాన్ని ప్రయోగానికి పెట్టింది. మనుషుల్ని పిలిచి పజిళ్లు, మట్టిబొమ్మలు, లెక్కలు, ఇలా చిన్న చిన్న పనులు బోలెడు ఇచ్చింది. సగం పనులు పూర్తి కానిచ్చింది, మిగతా సగంలో నడుమనే అడ్డుపడి లాగేసుకుంది. తర్వాత ఏమేం చేశారో చెప్పమంటే, పూర్తయినవాటికన్నా అడ్డుపడినవి దాదాపు రెట్టింపు గుర్తున్నాయి. ఇది అచ్చయింది 1927లో. సీరియల్ వాళ్లు రోజూ సరిగ్గా తలుపు తెరుచుకునే చోట ఎందుకు ఆపుతారో ఇప్పుడు తెలిసిందా!

ఇక్కడితో ఆపితే కథ ముచ్చటగా ఉంటుంది గానీ సైన్సు అంత తేలిగ్గా వదలదు. తర్వాత చాలామంది ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. కొందరికి అలాగే వచ్చింది, చాలామందికి రాలేదు. అన్నిటినీ కలిపి చూస్తే, సగంలో ఆగిన పని ఎక్కువ గుర్తుంటుందన్న మాట నిలబడడం కష్టమే. నిలబడింది వేరొకటి. అదే లెవిన్ దగ్గర చదువుకున్న మరియా ఒవ్‌సియాంకినా 1928లో ఇంకో సంగతి బయటపెట్టింది. సగంలో ఆపించిన మనిషిని ఊరికే వదిలేస్తే ఏం చేస్తాడు? ఎవరూ చెప్పకపోయినా, చేస్తే పైసా రాకపోయినా, చెయ్యి మెల్లగా ఆ సగం పని వైపే పోతుంది. ఎక్కువమంది అలాగే చేశారు. ఇది ఈనాటికీ గట్టిగానే నిలిచింది. పేరు మాత్రం జైగార్నిక్‌దే లోకంలో పాకింది. పాపం ఒవ్‌సియాంకినా! ఇలాంటి అన్యాయాలు సైన్సులో కూడా తక్కువేం కాదు.

అంటే సగం పని మనిషిని తన వైపు లాగుతుంది. అమ్మడు ఏం చేస్తుందంటే, పేరా పూర్తిచేసి, చుక్క పెట్టి, హమ్మయ్య అనుకుని లేస్తుంది. మర్నాడు కూర్చుంటే ఎదురుగా ఉండేది తెల్ల కాగితం, లాగడానికి కొక్కెమేదీ లేదు. అందుకే దానికి ఒక చిట్కా చెప్పాను. లేచే ముందు తర్వాతి వాక్యం మొదలుపెట్టి, సగంలో ఆపు. "సుభద్రమ్మ ఉత్తరం విప్పేసరికి లోపల" అని రాసి లేచిపో. లోపల ఏముందో నీకు తెలిసే ఉండాలి, అది ముఖ్యం. తెలియని చోట ఆగావంటే మర్నాడు కూడా అక్కడే ఆగిపోతావు.

దానికి వెంటనే సందేహం వచ్చింది. మరి లెరాయ్ చెప్పినట్టు ఆ సగం వాక్యం తలలో మెదులుతూ ఉంటే ఆఫీసులో నా పని పాడవదా తాతయ్యా అంది. తెలివైన ప్రశ్నే. దానికి జవాబు కూడా లెరాయ్ దగ్గరే ఉంది. 2018లో థెరిసా గ్లోంబ్‌తో కలిసి ఆవిడ ఇంకో ప్రయోగం చేసింది. పని మధ్యలో లేవాల్సి వచ్చినవాళ్లని ఒక్క నిమిషం ఆగమంది. ఎక్కడ దాకా వచ్చారో, తిరిగొచ్చాక ముందు ఏం చేయాలో రాసుకుని వెళ్లమంది. అలా రాసుకున్నవాళ్లు రెండో పనిలో కుదురుగా కూర్చున్నారు. అంతకుముందు 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరూ ఇంచుమించు ఇదే చెప్పారు. తీరని పనికి ఎప్పుడు, ఎలా చేస్తామో ఒక ఏర్పాటు రాసుకుంటే చాలు, పని పూర్తి కాకపోయినా అది బుర్ర తొలచడం మానేస్తుంది. తలకి కావాల్సింది ముగింపు కాదట, ఫలానా చోట భద్రంగా ఉంది అన్న నమ్మకమట.

అమ్మడి ఫోనులో ఇప్పుడు ఒక చీటీ ఉంది. నాకు చూపించింది. "ఉత్తరంలో గాజుముక్క. సుభద్రమ్మ ఏడవదు. వంటింట్లోకి వెళ్లి పాలు దించుతుంది. తర్వాత పక్కింటావిడ వస్తుంది." నాలుగు ముక్కలు, రాయడానికి నిమిషం కూడా పట్టదు. మెజెస్టిక్‌లో మెట్లు ఎక్కుతూ చదువుకుంటుందట, ఊదా లైనులో సీటు దొరికేసరికి సుభద్రమ్మ వంటింట్లో ఉంటుందట. సీటు దొరకని రోజున నిలబడే బొటనవేలితో కొట్టేస్తుందట. వాళ్లమ్మ మాత్రం ఈ పిల్ల ఎప్పుడు చూసినా ఆ ఫోనే అని గొణుగుతుంది. ఏం రాస్తోందో ఆవిడకి తెలియదు మరి.

ఇంక ఏ పూట రాయాలి అన్నది. తెల్లవారుజామునే లేచి రాయాలని పెద్దలంతా శాసనం చేసి పెట్టారు. నేను ఆ శాసనం మీద సంతకం పెట్టను. ఎందుకో తెలియాలంటే జక్కూరు వెళ్లాలి. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో పండ్ల ఈగల్ని పెంచుతారు. అరటిపండు మిగలముగ్గితే దాని చుట్టూ ముసిరే చిన్న ఈగలే, వేరేవి కావు. గాజు సీసాల్లో వాటి ఆహారం కూడా అరటిపండూ బెల్లమూ కలిపి చేసిన ముద్ద. మన దేవుడి ప్రసాదం కన్నా ఏమంత తీసిపోదు! ఈ ఈగ ప్యూపాలోంచి ఎక్కువగా తెల్లవారే వేళకి బయటికొస్తుంది. కానీ అన్నీ ఒక్కసారే రావు, కొన్ని ముందు, కొన్ని సాయంత్రానికి. విజయ్‌కుమార్ శర్మ, షీబా వాసు బృందాలు ఏం చేశాయంటే, పొద్దున కొన్ని గంటల్లో పుట్టినవాటిని ఒక వంశంగా, సాయంత్రం కొన్ని గంటల్లో పుట్టినవాటిని ఇంకో వంశంగా విడదీసి పెంచుతూ పోయాయి. ప్రతి తరంలోనూ అదే ఏరివేత. ఈగల్లో ఒక తరమంటే రెండు మూడు వారాలు, కాబట్టి వందల తరాలు గడిచిపోయాయి. ఇప్పుడు పొద్దుటి వంశం నిజంగానే పొద్దుటిది, సాయంత్రం వంశం సాయంత్రానిది. లోపలి గడియారం నడకలోనే తేడా వచ్చింది. పొద్దుటి వంశం గడియారం చుట్టు త్వరగా తిరుగుతుంది, రెండోదానిది కాస్త సాగుతుంది. చీకట్లో పెట్టినా ఆ తేడా పోదు.

ఈగకి వంశపారంపర్యంగా పొద్దూ సాయంత్రమూ ఉన్నప్పుడు మనిషికి ఉండవా? మనలోనూ కోడిలాంటివాళ్లూ గుడ్లగూబలాంటివాళ్లూ పుట్టుకతో ఉన్నారు, వయసుని బట్టి కొంత మారతారు కూడా. నేను ఇప్పుడు నాలుగింటికే లేస్తున్నానంటే అది నా గొప్పతనం కాదు, ముసలితనం. పాతికేళ్ల పిల్లని నాలుగింటికి లేపి కథ రాయమంటే ఆవలింతలే రాస్తుంది. రాత్రి పదింటికి దాని బుర్ర చురుగ్గా ఉంటే అదే దాని తెల్లవారుజాము. నిద్ర మాత్రం కొయ్యకూడదు. ఈ విషయంలో బేరాల్లేవు.

ప్రయాణం గురించి ఇంకో ముక్క. హెన్రీ పొయన్‌కారే అని ఫ్రెంచి గణితవేత్త. ఒక లెక్కతో రోజుల తరబడి కుస్తీ పట్టి, గనుల విద్యాలయం తరఫున భూగర్భ శాస్త్ర యాత్రకి వెళ్లాడు. ఆ సందడిలో లెక్క సంగతే మర్చిపోయాడు. కూతాన్స్ అనే ఊళ్లో గుర్రపు బస్సు ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టాడు, జవాబు తట్టింది. అప్పటి దాకా దాని గురించి ఆలోచిస్తున్నది కూడా లేదు. బస్సులో కూర్చుని పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాడట, సరిచూసుకోవడం ఇంటికెళ్లాకే. ఈ సంగతి ఆయన 1908లో ఉపన్యాసంగా చెప్పాడు. అయితే ముందు కుస్తీ పట్టాడన్నది మర్చిపోకూడదు. కుస్తీ లేకుండా బస్సులెక్కేవాళ్లకి సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో చెమట పడుతుంది గానీ జవాబు పట్టదు. రెండోది, ఆయన చేతిలో రీల్స్ లేవు. మెదడు ఊరికే ఉన్నప్పుడే లోపల నలుగుతున్నది పైకి తేలుతుంది. ఆ ఖాళీని కూడా పదిహేను సెకన్లకో డాన్సుతో నింపేస్తే ఇంక తేలేదెక్కడ? మెట్రోలో వెళ్లేటప్పుడు రాయి, వచ్చేటప్పుడు కిటికీలోంచి చూడు అని అమ్మడికి చెప్పాను. రెండోదే కష్టంగా ఉందంటోంది.

ఇక వీణ. రాయడానికే దిక్కులేదు, ఇది కూడా ఎందుకు, ఎవరికైనా ఇచ్చేద్దామా అంది ఒకసారి. వద్దన్నాను. నోబెల్ వచ్చిన శాస్త్రజ్ఞుల్నీ మామూలు శాస్త్రజ్ఞుల్నీ పోల్చి రాబర్ట్ రూట్-బెర్న్‌స్టీన్ బృందం 2008లో ఒక లెక్క తీసింది. పాటో, బొమ్మో, చేతిపనో ఏదో ఒక సరదా ఉండడం నోబెల్ వాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. దీన్ని చూసి వీణ వాయిస్తే నోబెల్ వస్తుందని చెప్పను. బుర్రా, ఓపికా, కలిగిన ఇల్లూ ఉన్నవాళ్లకి రెండూ అబ్బి ఉండొచ్చు. కానీ సరదా పనిని మింగేస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదని తేలుతోంది కదా.

మళ్లీ రామన్ దగ్గరికే వెళ్దాం. లోకసుందరి వీణ మీద త్యాగరాజ కృతి వాయిస్తుంటే విని మనసు పారేసుకున్నాడని చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ వాద్యాల మీద మనసు పారేసుకున్నది మాత్రం ముమ్మాటికీ నిజం. మామూలు డప్పు మీద చర్మం బిగించి కొడితే అసలు స్వరంతో పాటు లేచే ఉపస్వరాలు 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇలా కుదురులేని నిష్పత్తుల్లో ఉంటాయి. అందుకే డప్పులో చప్పుడుంది, శ్రుతి లేదు. మరి మృదంగం ఎందుకు శ్రుతిలో పలుకుతుంది? దాని కుడివైపు నడుమ ఒక నల్లటి ముద్ద పూత ఉంటుంది చూడండి, అదీ కిటుకు. ఆ బరువు వల్ల ఉపస్వరాలు జరిగి జరిగి 2 రెట్లు, 3 రెట్లు అని సరిగ్గా తీగ వాద్యంలాగే వచ్చి కూర్చుంటాయి. ఏ శతాబ్దంలో ఎవరు కనిపెట్టారో, భౌతిక శాస్త్రం రాని ఆ మహానుభావుడు లెక్క వేయకుండా చెవితో చేశాడు. రామన్ 1920లో శిష్యుడితో కలిసి 'నేచర్' పత్రికలో దీన్ని రాశాడు. బెంగుళూరు వచ్చాక మరింత వివరంగా మళ్లీ రాశాడు. అంటే సరదాగా విన్న చెవే పనిలోకి వచ్చింది.

మన బెంగుళూరు కన్నడిగుల్లో బి.జి.ఎల్. స్వామి గారు ఇంకా ముచ్చటైన మనిషి. గాంధీబజార్‌లో ఒక దారికి పేరిచ్చిన డి.వి. గుండప్ప గారి అబ్బాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ప్రొఫెసరు. విద్యార్థుల్ని వెంటేసుకుని పడమటి కనుమల్లో మొక్కల కోసం తిరిగిన తిరుగుళ్లనే 'హసురు హొన్ను' అనే పుస్తకంగా రాశాడు. అందులో మొక్కల బొమ్మలు కూడా తనే వేశాడు. వృక్షశాస్త్రం పుస్తకానికి సాహిత్య అకాడెమీ పురస్కారం, 1978లో! చదివినవాళ్లు పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు. ఆయనకి పని ఎక్కడ అయింది, రచన ఎక్కడ మొదలైంది, సరదా ఎక్కడ కలిసింది, ఎవరు గీత గీయగలరు?

అమ్మడు ఈమధ్య ఏదో వీడియో చూసి, 21 రోజులు వరసగా చేస్తే అలవాటైపోతుందట తాతయ్యా, నాకు పన్నెండో రోజున తప్పింది అని మొహం వేలాడేసింది. ఆ 21 ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్స్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్, తన రోగులు కొత్త ముక్కుకి అలవాటు పడడానికి కనీసం మూడు వారాలు పడుతోందని పుస్తకంలో రాశాడు. కనీసం అన్న మాట జారిపోయి, అంకె ఒక్కటి ఊళ్లేలుతోంది. 2010లో లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పెట్టుకుని నిజంగా కొలిచింది. సగటు మనిషికి 66 రోజులు పట్టాయి. కొందరికి 18తోనే అయింది, కొందరి లెక్క 254 దాకా పోయింది. నడుమ ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. పన్నెండో రోజు పోతే పదమూడో రోజు ఉంది కదమ్మా అన్నాను.

చివరగా ఒక విన్నపం, ఇది అమ్మడికి కాదు, మీకు. తెలుగులో రాసినవాళ్లలో తీరిగ్గా కూర్చుని రాసినవాళ్లు ఎందరున్నారు? కాళీపట్నం రామారావు గారు విశాఖ బడిలో లెక్కల మేష్టారు. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల డాక్టరు. మన సైన్సు రచనకే వస్తే, కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు బొంబాయి బార్క్‌లో అణు శాస్త్రవేత్తగా పనిచేస్తూ, సితారు వాయిస్తూ, ఆ మిగిలిన వేళల్లోనే తెలుగులో సైన్సు వ్యాసాలు రాశారు. 2012లో ఆయన పోయాక ఆ ఖాళీ అలాగే కనపడుతోంది. ఈ ఊళ్లో జక్కూరులోనూ, ఐఐఎస్సీలోనూ, వైట్‌ఫీల్డ్ కంపెనీల్లోనూ తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. రోజంతా మీరు చేసే పని ఏమిటో తెలుగులో ఒక్క పేజీ రాయండి. మెట్రోలో రాసినా సరే, ముక్కలు ముక్కలుగా రాసినా సరే. రాశాక ఊళ్లో ఉన్న అమ్మమ్మకి ఫోన్లో చదివి వినిపించండి. ఆవిడ "ఏమన్నావురా?" అన్న చోటల్లా తిరగరాసి, అప్పుడు పత్రికకి పంపండి.